నాగులు: నీటా నేలా తిరిగే పురాణ జాతి

నాగులు భారతీయ పురాణాల్లో, ఇతిహాసాల్లో, బౌద్ధ వాఙ్మయంలో కనిపించే దివ్యజాతి. పాము రూపం, మనిషి రూపం రెండూ వీరికి సహజమే. నదీగర్భం, సముద్రం, మడుగు, పాతాళం వీరి నివాసాలు. అయినా నేల మీదికి వస్తారు, రాజులతో వియ్యమందుతారు, తపస్సు చేస్తారు, యుద్ధాల్లో పాల్గొంటారు. కృష్ణానది దిగువ లోయలో, అంటే నేటి గుంటూరు, పల్నాడు పరిసర ప్రాంతాల్లో వీరి ఆనవాళ్లు శిల్పంలోనూ ఆచారంలోనూ దాదాపు రెండువేల ఏళ్లుగా కొనసాగుతున్నాయి.

నిర్వచనం, పరిధి

ఈ వ్యాసంలో నాగులంటే కద్రువ సంతానంగా పురాణాలు చెప్పే జాతి. ప్రకృతిలో కనిపించే నాగుపాము వేరు. ఈశాన్య భారతంలోని నాగా తెగలకు ఈ కథలతో సంబంధం లేదు. రాహుకేతువులను సర్పాకారంలో చిత్రించినా వారు సింహిక కొడుకైన దానవుడి శిరస్సు, మొండెం. కాబట్టి వారు నాగజాతిలోకి రారు. నాగులను ‘ఉభయచరులు’ అనేటప్పుడు ఆ మాటను నీటా నేలా సంచరించేవారనే అర్థంలోనే తీసుకోవాలి. జీవశాస్త్రంలో ఉభయచరాలంటే కప్పలు, వాటి బంధువులు. పాములు సరీసృపాలు.

పేర్లు

ఉరగుడంటే రొమ్ముతో పాకేవాడు. పన్నగుడంటే పాదాలతో నడవనివాడు. భుజంగుడంటే వంకరగా సాగేవాడు. ఈ మూడూ నడకను బట్టి వచ్చిన పేర్లు, పాములన్నిటికీ వర్తిస్తాయి. కాద్రవేయుడన్నది మాత్రం తల్లి కద్రువను బట్టి వచ్చింది. అమరకోశం వీరిని పాతాళభోగివర్గంలో చేర్చింది. అందులో కాద్రవేయులైన నాగులు ఒక కోవ, సామాన్య సర్పాలు మరో కోవ. జలానికి సంబంధించిన వారివర్గం కూడా అదే కాండలో కొద్ది దూరంలోనే వస్తుంది.

తెలుగు భాషాచరిత్రలో ఈ పేరుకు ప్రత్యేక స్థానముంది. అమరావతి స్తూపశిల మీది ‘నాగబు’ అన్న మాటను శాసనాల్లో దొరికిన తొలి తెలుగు పదంగా వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. అది ఏదో ప్రాకృత నామంలో మిగిలిన ముక్క కావచ్చని మరికొందరి వాదన.

పుట్టుక

మహాభారతం ఆదిపర్వం ప్రకారం కశ్యప ప్రజాపతి భార్యల్లో కద్రువకు వేయిమంది నాగులు, వినతకు అనూరుడు, గరుడుడు పుట్టారు. ఉచ్చైశ్రవమనే తెల్లగుర్రం తోక నల్లగా ఉందని కద్రువ వినతతో పందెం కాసింది. గెలవడానికి, ఆ తోకను పట్టి వేలాడమని కొడుకులను ఆజ్ఞాపించింది. కాదన్నవారిని సర్పయాగంలో కాలిపోతారని శపించింది. నాగజాతి చరిత్రలోని ప్రధాన ఘట్టాలన్నీ ఈ శాపం చుట్టూనే తిరుగుతాయి.

పురాణాలు ఎనిమిదిమందిని ముఖ్యులుగా చెబుతాయి: అనంతుడు, వాసుకి, తక్షకుడు, కర్కోటకుడు, పద్ముడు, మహాపద్ముడు, శంఖుడు, కుళికుడు. వీరిలో అనంతుడు, అంటే శేషుడు, తమ్ముల తీరు నచ్చక తపస్సుకు పోయి భూభారం మోసే పని చేపట్టాడు. తిరుమల కొండలకు శేషాచలమనే పేరు ఈ శేషుడిదే. వాసుకి క్షీరసాగర మథనంలో మందరగిరికి చుట్టిన తాడయ్యాడు.

రూపం

కథల్లో నాగుల రూపం మూడు విధాలు. మొదటిది పూర్తి సర్పరూపం, ఒకటికంటే ఎక్కువ పడగలు ఉండవచ్చు. రెండోది నడుము పైన మనిషి, కింద పాము. మూడోది పూర్తి మానవరూపం, తల వెనక పడగలు గొడుగులా విచ్చుకుని ఉంటాయి. వీరు కామరూపులు, కోరిన ఆకారం తాల్చగలరు. పడగ మీది మణి వీరి ప్రత్యేక లక్షణం. సూర్యుడు సోకని పాతాళానికి ఆ మణులే వెలుగు.

రూపం మార్చగల శక్తికి బౌద్ధ వినయపిటకం ఒక హద్దు పెట్టింది. ఒక నాగుడు యువకుడి వేషంలో భిక్షువుగా చేరాడు. అదమరచి నిద్రపోయినప్పుడు అతడి శరీరం పామై గది నిండా పరుచుకుంది, ఆ చుట్టలు కిటికీల్లోంచి బయటికి వచ్చాయి. గదిలో ఉండే భిక్షువు తిరిగొచ్చి చూసి కేక పెట్టాడు. నిద్రలోనూ, తన జాతితో సంగమంలోనూ నాగుడి అసలు రూపం బయటపడుతుందని ఆ గ్రంథం చెబుతుంది. అప్పటి నుంచి నాగులకు సన్యాసదీక్ష నిషేధమైంది. దీక్ష కోరినవారిని “నీవు మనిషివేనా?” అని అడగడం నేటికీ థేరవాద సంప్రదాయంలో ఉంది.

ఆవాసం

భూమికి దిగువన అతల, వితల, సుతల, తలాతల, మహాతల, రసాతల, పాతాళాలనే ఏడు లోకాలున్నాయి. భాగవతం కద్రువ సంతానమైన క్రూరసర్పాలను మహాతలంలో, వాసుకి మొదలైన నాగనాయకులను పాతాళంలో నిలిపింది. వీరి రాజధాని భోగవతి.

పాతాళానికి దారులు రెండు. మొదటిది బిలం. ఉదంకుడనే ముని తన కుండలాలు దొంగిలించిన తక్షకుడిని వెంటాడుతూ నేలలోని కన్నం గుండా నాగలోకం చేరాడు. రెండోది నీరు. దుర్యోధనుడు విషం పెట్టించి గంగలో తోయించిన భీముడు నాగలోకంలోనే తేలాడు. పుట్ట, బావి, మడుగు నాగస్థానాలుగా పూజలందుకోవడానికి మూలం ఈ రెండు దారులే.

పాతాళంతో పని లేకుండా జలాశయాల్లోనే కాపురమున్న నాగులూ ఉన్నారు. వీరిలో కాళియుడు ప్రసిద్ధుడు. అతడి స్వస్థలం సముద్రంలోని రమణకద్వీపం. గరుడుడికి భయపడి యమునలోని మడుగుకు వచ్చి దాక్కున్నాడు. సౌభరి ముని శాపం వల్ల గరుడుడు ఆ మడుగు జోలికి రాలేడు. కృష్ణుడు కాళియుడిని మర్దించి, చివరికి ప్రాణాలతో తిరిగి సముద్రానికే పంపాడు.

పాలన, సమాజం

నాగుల వ్యవస్థ రాచరికం. సర్పయాగంలో ఆహుతైనవారిని భారతం వాసుకి, తక్షక, ఐరావత, కౌరవ్య, ధృతరాష్ట్ర కులాలుగా విడదీసి పేర్లు చెబుతుంది. జాతికి ఆపద వచ్చినప్పుడు పెద్దలు సభ చేసి ఆలోచించిన ఘట్టం ఆదిపర్వంలో ఉంది. తల్లి శాపం నుంచి బయటపడే మార్గం కోసం వాసుకి తమ్ములను పిలిచి ఒక్కొక్కరి అభిప్రాయం అడిగాడు. యాగం చేసే బ్రాహ్మణులను కరుద్దామన్నవారు కొందరు, మేఘాలై యజ్ఞాగ్నిని ఆర్పుదామన్నవారు కొందరు. వాసుకి వీటిని ఒప్పుకోలేదు. చివరికి చెల్లెలు జరత్కారువును అదే పేరున్న మునికిచ్చి పెళ్లి చేశాడు. వారి కొడుకు ఆస్తీకుడు జనమేజయుడనే రాజు చేసిన సర్పయాగాన్ని ఆపించాడు.

నిధులను కాపాడడం నాగులకు పరంపరగా వచ్చిన వృత్తి. నీటిలోనో నేలలోనో మునిగిన విలువైన వస్తువు వీరి చేతికి చేరుతుంది. తగినవాడు అడిగినప్పుడు, లేదా ఒత్తిడి తెచ్చినప్పుడు, తిరిగి వస్తుంది. ఉదంకుడి కుండలాలు అలా వచ్చినవే. రఘువంశంలో కుశుడి ఆభరణం సరయూనదిలో జారిపడింది. అతడు గరుడాస్త్రం ఎక్కుపెట్టగానే కుముదుడనే నాగరాజు నీటిలోంచి పైకి వచ్చి, ఆభరణంతో పాటు చెల్లెలు కుముద్వతిని కూడా అప్పగించాడు.

మానవులతో సంబంధాలు

నాగులకు మనుషులతో ఉన్న ముఖ్యబంధం వివాహం. ఎక్కువ కథల్లో వధువు నాగకన్య, వరుడు మానవుడు. గంగలో స్నానం చేస్తున్న అర్జునుడిని కౌరవ్యనాగుడి కూతురు ఉలూపి నీటిలోకి లాక్కుపోయింది. వారి కొడుకు ఇరావంతుడు కురుక్షేత్రంలో పాండవపక్షాన పోరాడి మరణించాడు. నీటిలో ఓటమి లేకుండా ఉలూపి అర్జునుడికి వరమిచ్చిందని కొన్ని పాఠాలు చెబుతాయి. తన కొడుకు బభ్రువాహనుడి చేతిలో అర్జునుడు పడిపోయినప్పుడు నాగలోకపు మణితో అతడిని బతికించింది కూడా ఆమే.

చుట్టరికం రక్షణ కూడా ఇస్తుంది. నాగలోకంలో పడిన భీముడిని ఆర్యకుడనే వృద్ధనాగుడు తన బంధువుల బిడ్డగా గుర్తుపట్టాడు. వాసుకి అనుమతితో భీముడు ఎనిమిది కుండాల రసం తాగి, ఎనిమిదో రోజున నిద్ర లేచాడు. ఒక్కొక్క కుండంలో వెయ్యేనుగుల బలం ఉందని కథ.

వైరాలు

నాగులకు పుట్టుపగ గరుడుడితో. పందెంలో ఓడిన తల్లి వినతను కద్రువ దాస్యం నుంచి విడిపించడానికి అతడు అమృతం తెచ్చి దర్భల మీద పెట్టాడు. నాగులు స్నానం చేసి వచ్చేలోగా ఇంద్రుడు దాన్ని ఎత్తుకుపోయాడు. ఖాళీ దర్భలను నాకడంతో వారి నాలుకలు రెండుగా చీలాయంటారు. శ్రీహర్షుడి ‘నాగానందం’ నాటకంలో నాగులు రోజుకొకరిని గరుడుడికి ఆహారంగా పంపే ఒడంబడిక కనిపిస్తుంది. నాటక నాయకుడు జీమూతవాహనుడు తన శరీరాన్నిచ్చి ఆ ఒడంబడికకు ముగింపు పలికాడు.

మనుషులతో వైరానికి మూలం తక్షకుడు. పరీక్షిత్తు మహారాజును కాటు వేసి చంపింది, ఉదంకుడి కుండలాలు దొంగిలించింది అతడే. ఉదంకుడి ప్రేరణతో పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు సర్పయాగం తలపెట్టాడు.

బౌద్ధ వాఙ్మయంలో

బౌద్ధంలో నాగులు ధర్మరక్షకులు. బుద్ధుడు ధ్యానంలో ఉండగా ముచిలిందుడనే నాగరాజు ఏడు చుట్లు చుట్టుకుని, పడగ పట్టి, ఏడురోజుల వానలో ఆయనను కాపాడాడు. రామగ్రామ స్తూపంలోని బుద్ధుడి ధాతువులను (అస్థికలను) నాగులు విడవకపోవడంతో అశోకుడు వాటిని తీసుకోలేకపోయాడు. సింహళ గ్రంథం ‘మహావంశం’ ప్రకారం ఆ స్తూపం వరదకు కొట్టుకుపోగా ధాతుకరండం సముద్రం చేరింది. నాగులు దాన్ని తమ లోకంలో ప్రతిష్ఠించుకున్నారు. తరువాత ఒక భిక్షువు దాన్ని శ్రీలంకకు తెచ్చాడు.

వానను కురిపించేదీ ఆపేదీ నాగులేనన్న నమ్మకం కూడా బౌద్ధ కథల్లో బలంగా ఉంది. పైరును పాడుచేసే అపలాల నాగుడిని బుద్ధుడు దారికి తెచ్చిన కథ ఇటువంటిదే.

శిల్పంలో

కృష్ణాలోయ బౌద్ధశిల్పంలో నాగులు అడుగడుగునా కనిపిస్తారు. అమరావతి మహాచైత్యాన్ని 1797లో కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలు చేయించాడు. అక్కడి శిల్పాలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, అమరావతి మ్యూజియంలో ఉన్నాయి.

అమరావతి శిల్పి నాగుడిని మనిషిగానే చెక్కాడు. తలపాగా, కుండలాలు, భుజకీర్తులతో అతడు రాజులాగే ఉంటాడు. తల వెనక ఐదో ఏడో పడగలు విసనకర్రలా విచ్చుకుంటేనే నాగుడని తెలుస్తుంది. నాగస్త్రీకి సాధారణంగా ఒకటే పడగ. స్తూపాన్నే చెక్కిన కొన్ని ఫలకాల మీద మాత్రం నాగులు పూర్తి పాములుగా స్తూపపు గుమ్మటాన్ని (అండాన్ని) పెనవేసుకుని ఉంటారు. రామగ్రామ కథకు అది గుర్తు. అపలాలుడి కథ అమరావతిలోనూ నాగార్జునకొండలోనూ ఉంది. నాగరాణి విమల కోరిక చుట్టూ నడిచే విధురపండిత జాతకాన్ని కూడా అమరావతి శిల్పులు చెక్కారు.

నాగార్జునుడు, నాగలోకం

మాధ్యమిక తాత్త్వికుడు నాగార్జునుడి పేరులోనే నాగశబ్దముంది. కుమారజీవుడి పేరిట చైనీస్ భాషలో ఉన్న జీవితకథ ప్రకారం మహానాగుడనే బోధిసత్వుడు ఆయనను సముద్రంలోని తన సౌధానికి తీసుకుపోయి, పేటికలు తెరిచి మహాయాన సూత్రాలు చదివించాడు. ప్రజ్ఞాపారమిత గ్రంథాలను ఆయన నాగలోకం నుంచే తెచ్చాడని మహాయాన సంప్రదాయం. ఏడో శతాబ్దపు బాణుడు ‘హర్షచరిత్ర’లో మరో కథ చెప్పాడు. నాగార్జునుడు రసాతలంలో నాగరాజు నుంచి ఏకావళి అనే ముత్యాలహారం పొంది, తన మిత్రుడైన, త్రిసముద్రాధిపతి అయిన శాతవాహనరాజుకు ఇచ్చాడు.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయకు తరువాతి కాలంలో నాగార్జునకొండ అనే పేరు స్థిరపడింది. ఆ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్మాణానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. లోయ మునగకముందే, 1954 నుంచి 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన శిల్పాలను, కొన్ని కట్టడాలను నేడు ద్వీపంగా మారిన కొండ మీదికి తరలించారు. లోయ అడుగున ఉన్న నగరస్థలం జలాశయంలో మునిగిపోయింది.

 

తెలుగు సాహిత్యం, సినిమా

పదకొండో శతాబ్దంలో నన్నయ రాసిన ఆదిపర్వంలో ఉదంకుడు నాగలోకం చేరి నాగరాజులను స్తుతించే పద్యాలు ప్రసిద్ధాలు. అనంతుడి నుంచి తక్షకుడి దాకా ఒక్కొక్కరి అనుగ్రహం కోరే ఆ పద్యాలు పాఠ్యపుస్తకాల ద్వారా చాలామందికి కంఠస్థమయ్యాయి. పోతన భాగవతం దశమస్కంధంలోని కాళియమర్దనం, అందులో నాగపత్నుల వేడుకోలు అంతే పేరు పొందాయి. పదిహేడో శతాబ్దంలో తంజావూరులో చేమకూర వేంకటకవి రాసిన ‘విజయవిలాసం’ అర్జునుడి మూడు వివాహాల కథ. అందులో మొదటి నాయిక నాగకన్య ఉలూపి, ఆ కావ్యంలో ఆమె పేరు ఉలూచి. తెలుగు సినిమా నాగకన్య కథను పలుమార్లు వాడుకుంది. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 1999లో వచ్చిన ‘దేవి’ వాటిలో ఒకటి.

ఆరాధన

కోస్తాంధ్రలో ముఖ్యమైన పండుగ నాగులచవితి. దీపావళి తరువాత వచ్చే కార్తీక శుద్ధ చవితినాడు చేస్తారు. తెలంగాణలో శ్రావణ శుద్ధ పంచమినాటి నాగపంచమికి ప్రాధాన్యం ఎక్కువ. మార్గశిర శుద్ధ షష్ఠి సుబ్రహ్మణ్యషష్ఠి. కృష్ణాజిల్లా మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు సర్పరూపంలో పూజలందుకుంటాడు.

గుంటూరు నల్లరేగడి పల్లెల్లో నాగులచవితి నాటికి పత్తి తొలితీతకు వస్తుంది, మిరప తోట ఎదుగుదల మీద ఉంటుంది. తెల్లవారకముందే తలంటుకుని ఇంటిల్లిపాదీ పొలంగట్టు మీది పుట్ట దగ్గరికి వెళతారు. పుట్టకు పసుపు, కుంకుమ పెట్టి, నూలుపోగు చుట్టి, కన్నంలో ఆవుపాలు పోస్తారు. చలిమిడి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి, వడపప్పు, అరటిపళ్లు నైవేద్యం. కొన్ని ఇళ్లవారు కోడిగుడ్డు కూడా వేస్తారు. పూజయ్యాక తడిసిన పుట్టమన్ను తీసి చెవులకు రాసుకుంటారు, చెవిపోటు రాదని నమ్మకం. దీపావళికి మిగిల్చిన టపాసులను పిల్లలు ఆ రోజు పుట్ట దగ్గర కాలుస్తారు.

సంతానం కోరేవారు, సర్పదోషం ఉందని నమ్మేవారు నాగప్రతిష్ఠ చేస్తారు. పెనవేసుకున్న రెండు పాములను చెక్కిన జంటనాగుల శిలను ముందు కొంతకాలం నీటిలో ఉంచి, ఆ తరువాతే రావిచెట్టు, వేపచెట్టు కలిసి ఉన్న చోట నేల మీద నిలుపుతారు. నీటిలో ఉంచే ఆ క్రియకు జలాధివాసమని పేరు. ఇతర దేవతల ప్రతిష్ఠల్లోనూ ఇది ఉంది.

గుంటూరు జిల్లా పెదకాకానిలోని భ్రమరాంబా మల్లేశ్వరస్వామి ఆలయం రాహుకేతు పూజలకు పేరు పొందింది. ఆ పూజ గ్రహశాంతి, నాగపూజ కాదు. అయితే సర్పదోష నివారణ కోసమే ఎక్కువమంది రావడం వల్ల భక్తుల దృష్టిలో ఈ రెండూ కలిసిపోయాయి. స్థలపురాణంలో నాగులు కనిపించరు. భరద్వాజుడి యజ్ఞంలో హవిస్సు తిన్న కాకి పుణ్యజలాలతో శాపం తీరి తెల్లబడిందని, ఊరికి ఆ పేరు కాకి వల్లే వచ్చిందని చెబుతారు.

ఆరాధన ప్రభావం పేర్ల మీద స్పష్టంగా కనిపిస్తుంది. నాగేశ్వరరావు, నాగేంద్రం, నాగమణి, నాగలక్ష్మి, సుబ్బారావు, సుబ్బమ్మ వంటి పేర్లు నాగారాధనకో సుబ్రహ్మణ్యారాధనకో చెందినవి. పుట్టకు మొక్కుకున్నాక పుట్టిన బిడ్డకు ఈ పేర్లలో ఒకటి పెట్టడం ఆనవాయితీ.

జీవశాస్త్ర దృష్టి

పుట్టను కట్టేవి చెదలు. చల్లదనం కోసం, ఎలుకల కోసం పాములు అందులో చేరతాయి. నాగుపాము విషసర్పం, నేల మీద జీవిస్తుంది కానీ బాగా ఈదగలదు. చెరువుల్లో, కాలువల్లో, వరిమళ్లలో తరచుగా కనిపించే నీరుకట్టు పాముకు విషం లేదు. పాలు పాముకు ఆహారం కాదు. ఎలుకలను తిని పంటను కాపాడుతుంది గనుక రైతు పామును గౌరవించాడన్న వివరణ ప్రచారంలో ఉంది. అది ఆచారానికి ఒక కారణం కావచ్చు గానీ, నీటితో నాగులకు ఉన్న సంబంధాన్ని వివరించదు.

వ్యాఖ్యానాలు

నాగుల గురించి పండితుల అభిప్రాయాలు ప్రధానంగా మూడు. జేమ్స్ ఫెర్గూసన్ 1868లో సాంచి, అమరావతి శిల్పాలు ఆధారంగా రాసిన గ్రంథంలో వృక్షపూజ, సర్పపూజ చేసే ఒక ప్రాచీన ప్రజను ఊహించాడు. పామును కులచిహ్నంగా పెట్టుకున్న తెగలే కథల్లో నాగులయ్యారన్నది దీని నుంచి పెరిగిన వాదం. రెండో అభిప్రాయం వీరిని జలాధిదేవతలుగా చూస్తుంది. పాకే పామును పారే నీటికి ప్రతిరూపంగా తీసుకుంటుంది. మూడోది, 1926లో నాగగాథలపై సమగ్ర గ్రంథం వెలువరించిన జె. పి. హెచ్. ఫోగెల్ అభిప్రాయం: అతడు నిజమైన పాము పట్ల భయభక్తులనే మూలంగా భావించాడు. ఏ ఒక్క సిద్ధాంతమూ అన్ని కథలకూ సరిపోదు. రాజ్యాలు, వివాహాలు మొదటిదానికి బలమిస్తే, వాన, మడుగుల కథలు రెండోదానికి, విషం, కాటు మూడోదానికి బలమిస్తాయి.

ఇతర దేశాల్లో

బౌద్ధంతో పాటు నాగులు ఆసియా అంతటా వ్యాపించారు. చైనా అనువాదకులు నాగశబ్దాన్ని తమ డ్రాగన్ పేరుతో అనువదించారు. కంబోడియా మూలకథలో పరదేశి రాకుమారుడు నాగకన్యను పెళ్లాడతాడు. ఆమె తండ్రి నీటిని తాగేసి, బయటపడిన నేలను అల్లుడికి రాజ్యంగా ఇస్తాడు.

ఇవీ చూడండి

అమరావతి శిల్పకళ, ఆస్తీకుడు, కాళియుడు, గరుడుడు, నాగార్జునకొండ, నాగులచవితి, పాతాళం, రాహుకేతువులు, సర్పయాగం, సుబ్రహ్మణ్యషష్ఠి.